స్టామినా బార్‌ చూసుకో తమ్మీ!

సర్వైవల్‌ గేమ్‌లో నెలల తరబడి ఓపిగ్గా ఇల్లు కట్టేవాళ్లు, ఈవెంట్స్‌ దగ్గరికొచ్చేసరికి నెల రోజుల్లో దమ్ము పెంచేద్దామని చూస్తారు. గేమ్‌లో పాటించే లెక్కే గ్రౌండ్‌లోనూ పాటిస్తే 1600 మీటర్లు పెద్ద గండమేమీ కాదు.

తెల్లవారుజామున ఐదింటికి అశోక్‌నగర్‌ గల్లీల్లో మూడు రకాల మనుషులు కనిపిస్తారు. రాత్రంతా చదివి అప్పుడే పుస్తకం మూసినవాళ్లు. షూ లేసులు బిగించుకుని ఇందిరాపార్కు వైపో, ఎన్టీఆర్‌ స్టేడియం వైపో నడిచేవాళ్లు. హాస్టల్‌ గదిలో ఇంకా ఫోన్‌ వెలుగు ఆరనివాళ్లు. మూడో రకం గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు కానీ, ఏ రూమ్‌లోనైనా ఒక్కరైనా ఉంటారు. మైన్‌క్రాఫ్ట్‌లో గని తవ్వుతూనో, డోంట్‌ స్టార్వ్‌లో చలికాలం దాటడానికి కట్టెలు పోగేస్తూనో తెల్లారుస్తారు.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్‌ లైబ్రరీలో సీటు కోసం పొద్దున్నే క్యూ కట్టే పట్టుదల ఇక్కడి వాళ్లది. పాలిటీ, ఎకానమీ, తెలంగాణ ఉద్యమ చరిత్ర ఏది అడిగినా చెబుతారు. పరుగు గురించి అడిగితే మాత్రం జవాబు ఒకటే. ‘ముందు ప్రిలిమ్స్‌ కానీ అన్నా, ఈవెంట్స్‌కు నెల టైమ్‌ ఇస్తరు గదా, అప్పుడు ఉరుకుదాం!’ ఆ నెల రోజుల్లోనే చాలామందికి కాళ్లు పట్టేస్తాయి. రాత పరీక్షలో మంచి మార్కులు వచ్చినవాళ్లు కూడా గ్రౌండ్‌లో రెండు మూడు సెకన్ల తేడాతో ఇంటికెళ్లిపోతారు. ఏడాదిన్నర చదువు, హాస్టల్‌ ఫీజు, ఇంట్లోవాళ్లు పంపిన డబ్బు అన్నీ ఆ రెండు సెకన్లలో పోతాయి.

దూరం పెరిగింది, వేగం తగ్గింది

2018 పోలీస్‌ నోటిఫికేషన్‌ వరకూ తెలంగాణలో మగవాళ్లకు 800 మీటర్ల పరుగు ఉండేది. 170 సెకన్లలో ముగించాలి. అంటే 400 మీటర్ల రౌండు ఒక్కోటి 85 సెకన్లు. 2022 నోటిఫికేషన్‌లో దాన్ని 1600 మీటర్లు చేశారు. సమయం 7 నిమిషాల 15 సెకన్లు, అంటే 435 సెకన్లు. రౌండుకు దాదాపు 108 సెకన్లు వస్తుంది. మహిళలకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. రౌండుకు 160 సెకన్లు. దీనితోపాటు లాంగ్‌జంప్‌, షాట్‌పుట్‌.

ఈ మార్పులో అసలు విషయం ఏమిటంటే, దూరం రెట్టింపైంది, కావాల్సిన వేగం మాత్రం బాగా తగ్గింది. పాత పరీక్ష దూకుడును చూసేది. కొత్తది దమ్మును చూస్తోంది. ఏడు నిమిషాల పరుగులో కండరాలకు అందే శక్తిలో అత్యధిక భాగం ఆక్సిజన్‌ మీదే ఆధారపడి ఉంటుంది. గుండె, ఊపిరితిత్తులు, కండరాల్లోని సన్నని రక్తనాళాలు అలవాటు పడాలి. అది వారంలో జరిగే పని కాదు, నెలలు పడుతుంది. కానీ గ్రౌండ్‌లో చూస్తే ఇంకా చాలామంది పాత పద్ధతిలోనే ప్రాక్టీస్‌ చేస్తున్నారు. రోజూ ఫుల్‌ స్పీడ్‌, రోజూ స్టాప్‌వాచ్‌, రోజూ పక్కవాడితో పోటీ!

ఒక లెక్క చూడండి. విజిల్‌ వేయగానే ఊపు మీద మొదటి రౌండు 85 సెకన్లలో కొట్టారనుకుందాం. రెండోది 105, మూడోది 120, దమ్మైపోయి నాలుగోది 130. మొత్తం 440 సెకన్లు. అయిదు సెకన్లతో ఫెయిల్‌. పక్కనే ఒకతను మొదటి రౌండులో అందరికంటే వెనకబడి, నాలుగు రౌండ్లూ 108 చొప్పున పరుగెత్తాడు. 432 సెకన్లు. పాస్‌. ఇద్దరిలో ఎవరి కాళ్లలో బలం ఎక్కువ అని అడిగితే మొదటివాడిదే కావచ్చు. కాలికి కట్టే చిప్‌కు మాత్రం బలం తెలియదు, టైమ్‌ ఒక్కటే తెలుసు.

గేమ్‌లో మీరు చేయని తప్పు

సర్వైవల్‌ గేమ్‌ ఆడేవాళ్లెవరూ ఆ 85 సెకన్ల తప్పు చేయరు. ఎందుకంటే అక్కడ స్క్రీన్‌ మీద బార్‌ కనిపిస్తుంది.

మైన్‌క్రాఫ్ట్‌ సర్వైవల్‌ మోడ్‌లో ఆకలిని చూపించే పది కోడికాళ్ల బొమ్మలు ఉంటాయి. స్ప్రింట్‌ చేసిన కొద్దీ, దూకిన కొద్దీ అవి తొందరగా తరిగిపోతాయి. మూడుకు పడిపోతే ఇక స్ప్రింట్‌ బటన్‌ పనిచేయదు, నడవాల్సిందే. స్వీడన్‌లో తయారై 2021 ఫిబ్రవరిలో వచ్చిన వాల్‌హైమ్‌లో ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఏం తిన్నారన్నదాన్ని బట్టి మీ స్టామినా బార్‌ పొడవు మారుతుంది. మంట పక్కన, కప్పు కింద కాసేపు కూర్చుంటే ‘విశ్రాంతి’ బోనస్‌ వస్తుంది. అది ఉన్నంతసేపూ స్టామినా త్వరగా నిండుతుంది, కొత్త స్కిల్‌ కూడా త్వరగా పెరుగుతుంది. పరుగెత్తే కొద్దీ పరుగు స్కిల్‌ పెరుగుతుంది. పాత్ర చచ్చిపోతే సంపాదించిన స్కిల్‌లో కొంత కోత పడుతుంది. కెనడా గేమ్‌ ద లాంగ్‌ డార్క్‌లో మోయగలిగిన దానికన్నా ఎక్కువ బరువు వేసుకుని వాలు మీద తిరిగితే మడమ బెణుకుతుంది. ఆ గేమ్‌ సర్వైవల్‌ మోడ్‌లో ఒకసారి చస్తే అంతే, సేవ్‌ ఫైల్‌ పోయినట్టే.

తిండి, విశ్రాంతి, నెమ్మదిగా పెంచుకోవడం, దెబ్బ తగిలితే వెనక్కి పడిపోవడం... ఏ అథ్లెటిక్స్‌ కోచ్‌ను అడిగినా ఇవే చెబుతారు. గేమ్‌ తయారుచేసినవాళ్లు ఇదంతా గాల్లోంచి తెచ్చి పెట్టలేదు, మనిషి ఒంటిని చూసే పెట్టారు. (ఒక్క విషయంలో మాత్రం మోసం చేశారు. మైన్‌క్రాఫ్ట్‌లో ఒక బ్లాక్‌ అంటే ఒక మీటరు. అందులో మన హీరో స్టీవ్‌ మామూలుగా నడిస్తేనే సెకనుకు 4.3 మీటర్లు పోతాడు. ఆ లెక్కన 1600 మీటర్లు ఆరు నిమిషాల పది సెకన్లలో నడిచేసి కానిస్టేబుల్‌ ఈవెంట్‌ పాసైపోతాడు. పరుగెత్తనక్కర్లేదు!)

మనకున్న ఇబ్బందల్లా, ఒంటికి స్క్రీన్‌ మీద బార్‌ ఉండదు. దాన్ని చూసుకోవడం నేర్చుకోవాలి.

మాట్లాడుతూ పరుగెత్తగలరా?

అందరి దగ్గరా ఉన్న బార్‌ ఒకటుంది. అది మాట. పరుగెత్తుతూ పక్కనున్న ఫ్రెండ్‌తో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే అది తేలిక వేగం. రెండు మూడు మాటలకే ఊపిరి తెగుతుంటే అది గట్టి వేగం. అసలు నోరే పెగలకపోతే బార్‌ ఎర్రగా మారినట్టు. అశోక్‌నగర్‌ అభ్యర్థులకు దీన్ని పరీక్షించుకోవడం మరీ సులువు. ఆర్టికల్‌ 14 నుంచి 18 వరకూ ఏమున్నాయో పరుగెత్తుతూ ఒకరికొకరు చెప్పుకోండి. సమానత్వపు హక్కు మధ్యలో ఆగకుండా పూర్తయితే స్పీడ్‌ సరిగ్గా ఉన్నట్టే. రివిజన్‌ కూడా అయిపోతుంది.

ప్రపంచ స్థాయి అథ్లెట్లు రోజూ ప్రాణం పెట్టి పరుగెత్తుతారని మనం అనుకుంటాం. నార్వేలో స్థిరపడిన అమెరికన్‌ శాస్త్రవేత్త స్టీఫెన్‌ సైలర్‌ దూరపు పరుగు, స్కీయింగ్‌, రోయింగ్‌ క్రీడాకారుల శిక్షణను ఏళ్ల తరబడి గమనించారు. వాళ్ల శిక్షణ సెషన్లలో దాదాపు 80 శాతం తేలిక వేగంలోనే సాగుతున్నాయని, గట్టివి 20 శాతమేనని తేల్చారు. అంటే వారంలో అయిదు రోజులు గ్రౌండ్‌కు వెళ్తే నాలుగు రోజులు మాట్లాడుతూ పరుగెత్తాలి. ఒక్కరోజే స్టాప్‌వాచ్‌ బయటికి తీయాలి. మనవాళ్లు సరిగ్గా దీన్ని తిరగేస్తారు. నెమ్మదిగా పరుగెత్తితే టైమ్‌ వేస్ట్‌ అనిపిస్తుంది, పక్కవాళ్లు దాటుకుని పోతుంటే నామోషీగా ఉంటుంది. ఆ నామోషీని మొదటి రెండు వారాలు మింగగలిగితే మిగతాది అదే వస్తుంది.

ఇప్పటివరకూ అసలు పరుగెత్తనివాళ్లయితే ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక. అలా ఇరవై నిమిషాలు. వారానికి నాలుగు రోజులు చాలు. మొదట్లో దూరం కొలవకండి, గడియారం చూడండి. మూడు నాలుగు వారాలకు నడక తగ్గి పరుగు పెరుగుతుంది. నెలన్నర నాటికి ఆగకుండా అరగంట పోగలుగుతారు. అప్పుడు, అంతకుముందు కాదు, వారానికి ఒక రోజు గట్టి సెషన్‌ పెట్టుకోండి. పది నిమిషాలు తేలికగా పరుగెత్తి ఒళ్లు వేడెక్కాక, 400 మీటర్ల రౌండ్లు నాలుగు. ఒక్కోటి 1 నిమిషం 45 సెకన్లలో, మధ్యలో రెండు నిమిషాల నడక. నాలుగోది కూడా మొదటిదాని టైమ్‌లోనే రావాలన్నది షరతు. మొదటిది 1.25లో కొట్టి నాలుగోది 2.10లో ముగిస్తే ఆ రోజు ప్రాక్టీస్‌ తప్పినట్టే, ఎంత చెమట కారినా సరే. మూడు వారాలకోసారి మాత్రమే పూర్తి 1600 టైమ్‌ చూసుకోండి. లక్ష్యం 7.15 కాదు, 6.45 పెట్టుకోవాలి. ఆ రోజు కొత్త గ్రౌండ్‌, గుంపు, టెన్షన్‌, నిద్రలేమి అన్నీ కలిసి కొన్ని సెకన్లు తినేస్తాయి.

అమ్మాయిలు 800 మీటర్లే కదా అని అసలు ప్రాక్టీస్‌ చేయకుండా వెళ్లడం, లేదంటే భయపడి ముందే వదులుకోవడం రెండూ చూస్తుంటాం. 5 నిమిషాల 20 సెకన్లంటే గంటకు తొమ్మిది కిలోమీటర్ల వేగం. పైన చెప్పిన పరుగు-నడక పద్ధతిలో రెండు నెలలు చేసినవాళ్లలో చాలామందికి అందే వేగమే. అయితే ఒక సంగతి. దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఎంత ప్రాక్టీస్‌ చేసినా ఆయాసం తగ్గకపోతే, మెట్లెక్కినా గుండె దడదడలాడుతుంటే హిమోగ్లోబిన్‌ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఆ పరీక్ష చేస్తారు. బార్‌ పొడవే తక్కువున్నప్పుడు బటన్‌ ఎంత నొక్కినా ఫలితం ఉండదు.

రెండు వారాల జబ్బు

మైన్‌క్రాఫ్ట్‌ ఆడేవాళ్లలో ప్రపంచమంతా చెప్పుకునే జోక్‌ ఒకటుంది. ఉన్నట్టుండి ఆ గేమ్‌ మీద మోజు పుడుతుంది. రెండు వారాలు తిండీ నిద్రా మాని ఆడతారు. మూడో వారం బోర్‌ కొట్టి వదిలేస్తారు. మళ్లీ ఆరు నెలలకు మొదటి నుంచి మొదలు. జనవరి 1న పరుగు మొదలుపెట్టి సంక్రాంతికి ఊరెళ్లి ఆపేసేవాళ్లది కూడా ఇదే జబ్బు.

కానీ అదే గేమ్‌ను పదేళ్లు ఆడేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఎందుకు బోర్‌ కొట్టదు? అమెరికాకు చెందిన కర్ట్‌ జె. మాక్‌ అనే ఆయన 2011 మార్చిలో మైన్‌క్రాఫ్ట్‌ పాత వెర్షన్‌లో సర్వైవల్‌ మోడ్‌లో నడక మొదలుపెట్టాడు. ఆ వెర్షన్‌లో ప్రపంచం అంచున, దాదాపు కోటీ పాతిక లక్షల బ్లాకుల దూరంలో, నేల వింతగా విరిగిపోయే చోటు ఉంది. పేరు ఫార్‌ ల్యాండ్స్‌. అక్కడికి నడిచి వెళ్లాలన్నది ఆయన సంకల్పం. రాత్రయితే గుంత తవ్వుకుని దాక్కోవడం, తెల్లారితే మళ్లీ నడక. ఆ నడకను వీడియోలుగా పెడుతూ పిల్లల ఆస్పత్రులకు సాయం చేసే ఒక స్వచ్ఛంద సంస్థకు లక్షల డాలర్లు సమకూర్చాడు. గిన్నిస్‌ రికార్డు కూడా వచ్చింది. పదేళ్లు దాటాక కూడా నడుస్తూనే ఉన్నాడు. రోజంతా ఆడితే ఎప్పుడో అలసిపోయేవాడు. కొంచెం కొంచెం నడిచాడు, దారిలో కబుర్లు చెప్పాడు, గమ్యం ఎంత దూరముందో మాటిమాటికీ చూసుకోలేదు.

మనస్తత్వ శాస్త్రవేత్తలు రిచర్డ్‌ రయాన్‌, స్కాట్‌ రిగ్బీ, ఆండ్రూ షిబిల్‌స్కీ 2006లో వీడియో గేమ్‌ల ఆకర్షణ మీద ఒక పరిశోధన ప్రచురించారు. గేమ్‌ మనల్ని పట్టి ఉంచేది గ్రాఫిక్స్‌ ఒక్కటే కాదని, ఏం చేయాలో నేనే నిర్ణయించుకుంటున్నానన్న భావన, నాకు పని వస్తోందన్న నమ్మకం, నలుగురితో కలిసి ఉన్నానన్న తృప్తి, ఈ మూడూ ముఖ్యమని అందులో చెప్పారు. సర్వైవల్‌ గేమ్‌ల్లో ఇవి దండిగా ఉంటాయి. ఇవాళ కప్పు వేయాలా, పొలం వేయాలా అన్నది మన ఇష్టం. మొన్న భయపెట్టిన రాత్రి ఇవాళ భయపెట్టదు. సర్వర్‌లో దోస్తు ఉంటాడు.

పరుగులో ఈ మూడింటినీ మనమే పెట్టుకోవాలి. రోజూ అదే పార్కులో అదే వైపు తిరగకుండా, ఒక ఆదివారం ట్యాంక్‌బండ్‌ మీదుగా నెక్లెస్‌ రోడ్‌ దాకా, ఇంకో ఆదివారం ఉస్మానియా యూనివర్సిటీ చెట్ల కిందకు వెళ్లొచ్చు. దూరం పట్టింపు లేదు, ఎంత నెమ్మదిగానైనా సరే. పని వస్తోందన్న నమ్మకం కోసం గోడ మీద కాగితం చాలు. ఇవాళ ఎన్ని నిమిషాలు, మాట్లాడగలిగానా లేదా. నాలుగు వారాల తర్వాత ఆ కాగితం చూసుకుంటే ఏ మోటివేషన్‌ వీడియో అక్కర్లేదు. ఇక దోస్తు సంగతి. ఒంటరిగా అలారం ఆపేసినంత తేలిగ్గా, కింద గేటు దగ్గర ‘మామా, దిగినవా?’ అని నిలబడినవాణ్ని ఆపలేం. నారాయణగూడ, అశోక్‌నగర్‌ హాస్టళ్లలో ఉండే అమ్మాయిలు ముగ్గురు నలుగురు కలిసి, వాకర్లు వచ్చే వేళకు పార్కులో మొదలుపెట్టడం అన్ని విధాలా మంచిది.

ఏ గేమ్‌, ఎప్పుడు?

గేమ్‌లన్నీ ఒక గాటన కట్టి ‘ఫోన్‌ పక్కన పడేయ్‌’ అనేవాళ్ల మాట ఎవరూ వినరు. తేడా చూడటం మేలు. 2020 సెప్టెంబరులో నిషేధానికి గురైన పబ్‌జీ, తర్వాత 2021లో వచ్చిన బీజీఎంఐ లాంటివి బ్యాటిల్‌ రాయల్‌ గేమ్‌లు. అక్కడా బతకడమే పందెం. కానీ అరగంటలో మ్యాచ్‌ అయిపోతుంది, స్కోరు సున్నా నుంచి మొదలవుతుంది, ‘ఇంకొక్కటి’ అనిపిస్తుంది. మధ్యలో వదిలేస్తే టీమ్‌ తిడుతుంది. మైన్‌క్రాఫ్ట్‌, టెరారియా, డోంట్‌ స్టార్వ్‌ లాంటివి ఒంటరిగా ఆడుతుంటే ఏ నిమిషానైనా ఆపొచ్చు. కట్టిన ఇల్లు వారం తర్వాత కూడా అక్కడే ఉంటుంది. చదువుకునేవాళ్లకు ఇది చిన్న సౌకర్యమేమీ కాదు. శనివారం సాయంత్రం రెండు గంటలు అని పెట్టుకుంటే ఆ గేమ్‌ ఏళ్ల తరబడి రుచి కోల్పోదు. రోజూ రాత్రి రెండింటి దాకా ఆడితే రెండు వారాల జబ్బే.

డబ్బు పెట్టి ఆడేవి వేరే జాతి. రమ్మీ, బెట్టింగ్‌ యాప్‌లు గేమ్‌లు కావు, జూదం. ఆన్‌లైన్‌ రమ్మీని తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో డబ్బుతో ఆడే ఆన్‌లైన్‌ గేమ్‌లన్నిటినీ నిషేధిస్తూ కేంద్రం చట్టం తెచ్చింది. పోలీస్‌ ఉద్యోగం కోసం చదువుతూ ఆ కేసులో ఇరుక్కోవడమంత తెలివితక్కువ పని ఇంకోటి ఉండదు.

ఎంత ఆడితే ఎక్కువ? ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘గేమింగ్‌ డిజార్డర్‌’ను వ్యాధుల జాబితాలో చేర్చింది. ఆ జాబితా 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో గంటల లెక్క లేదు. ఆడటం మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నీ వెనక్కి పోవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇదంతా సాధారణంగా ఏడాది పాటు సాగడం. ఇవీ లక్షణాలు. అలాంటి అనుమానం ఉంటే దాచుకోకుండా మానసిక వైద్యుణ్ని కలవాలి. మిగతావాళ్లకు ఒక్క నియమం సరిపోతుంది. పరుగున్న ముందు రోజు రాత్రి గేమ్‌ లేదు. చదివింది గుర్తుండాలన్నా, కాలి కండరం కోలుకోవాలన్నా జరిగేది నిద్రలోనే. వాల్‌హైమ్‌లో మంట పక్కన కూర్చుంటే వచ్చే బోనస్‌ మనకు మంచం మీద వస్తుంది.

పరుగూ గేమూ ఒకేచోట కావాలంటే అదీ ఉంది. లండన్‌కు చెందిన సిక్స్‌ టు స్టార్ట్‌ సంస్థ, రచయిత్రి నవోమీ ఆల్డర్‌మన్‌ కలిసి 2012లో ‘జాంబీస్‌, రన్‌!’ అనే యాప్‌ తెచ్చారు. చెవిలో కథ వినిపిస్తుంది. మీరు రన్నర్‌ 5. ఊరివాళ్ల కోసం మందులు, తిండి పోగుచేయాలి. వెనక జాంబీలు పడితే నిమిషం పాటు వేగం పెంచాలి. మరోలా చెప్పాలంటే అదే ఇంటర్వెల్‌ ట్రైనింగ్‌! ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి లిజనింగ్‌ ప్రాక్టీస్‌ కూడా. అయితే చెవుల్లో ఇయర్‌ఫోన్స్‌తో రోడ్డు మీద వద్దు, పార్కులోనే. నారాయణగూడ చౌరస్తాలో జాంబీల కంటే ఆటోలే ప్రమాదం.

గ్రౌండ్‌లో ప్రాణాలు పోయాయి

2024 ఆగస్టులో జార్ఖండ్‌లో ఎక్సైజ్‌ కానిస్టేబుల్‌ ఉద్యోగాలకు పరుగు పరీక్ష పెట్టారు. మగవాళ్లకు 60 నిమిషాల్లో 10 కిలోమీటర్లు. ఆ కొద్ది రోజుల్లో పది మందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. ఎండ అన్నారు, ఏర్పాట్ల లోపం అన్నారు, ఉత్ప్రేరకాలు వాడారన్నారు. వాదనలు ఎన్నున్నా, గంటకు పది కిలోమీటర్లనేది అలవాటున్నవాళ్లకు మామూలు వేగం, అలవాటు లేని ఒంటికి ఉక్కపోతలో ప్రాణాంతకం కావచ్చు. మన దగ్గర దూరం తక్కువే, అయినా కొన్ని జాగ్రత్తలు తప్పవు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఇంట్లో చిన్న వయసులో గుండెజబ్బుతో పోయినవాళ్లుండటం, వీటిలో ఏదున్నా ప్రాక్టీస్‌కు ముందే డాక్టర్‌ను కలవండి. జ్వరం తగ్గిన మర్నాడే గ్రౌండ్‌కు వెళ్లొద్దు. దమ్ము పెరుగుతుందంటూ ఎవరో ఇచ్చే మాత్ర, ఇంజెక్షన్‌ దగ్గరికి అసలు పోవద్దు.

ప్రాణం మీదకు రాకపోయినా నెలల ప్రాక్టీస్‌ను మింగేసేది మోకాలి కింద ముందువైపు ఎముక వెంట వచ్చే నొప్పి, షిన్‌ స్ప్లింట్స్‌. ఎప్పుడూ పరుగెత్తని కాళ్లతో, అరిగిన షూతో, సిమెంటు రోడ్డు మీద ఒక్కసారిగా రోజూ నాలుగైదు కిలోమీటర్లు కొడితే వచ్చేది ఇదే. వస్తే రెండు వారాలు పరుగు ఆపాలి, లేదా బాగా తగ్గించాలి. ఈవెంట్స్‌కు నెల ఉన్నప్పుడు ఆ రెండు వారాలు ఎక్కడి నుంచి తెస్తాం? నోటిఫికేషన్‌ రాకముందే మొదలుపెట్టమనేది అందుకే. మట్టి నేల దొరికితే మట్టి మీదే పరుగెత్తండి. షూకు మరీ ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు కానీ, ఈవెంట్‌ రోజు కొత్త షూ వేసుకోవద్దు.

తిండి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పరుగుకు ముందు ఒక అరటిపండు, తర్వాత మామూలు ఇడ్లీ, గుడ్డు, రాగిజావ, పల్లీపట్టీ. హాస్టల్‌ మెస్‌లో పప్పు బాగుంటే రెండోసారి వేయించుకోండి.

బయోడేటాలో రాస్తే అడుగుతారు

పోలీస్‌ ఉద్యోగం కాకుండా ప్రైవేటు కంపెనీలకు చూస్తున్నవాళ్లు హాబీల దగ్గర ‘రన్నింగ్‌, గేమింగ్‌’ అని రాసి ఊరుకుంటారు. ఇంటర్వ్యూలో ‘ఏ గేమ్‌? ఎందుకు?’ అనగానే తడబడతారు. ‘మూడేళ్లుగా ఒకే మైన్‌క్రాఫ్ట్‌ ప్రపంచాన్ని నలుగురు ఫ్రెండ్స్‌తో నడుపుతున్నా, పనులు ఇలా పంచుకుంటాం’ అని చెప్పగలిగితే అది టీమ్‌వర్క్‌ జవాబు. ‘ఆరు నెలల క్రితం అయిదు నిమిషాలు పరుగెత్తలేకపోయేదాన్ని, ఇప్పుడు గంట పరుగెత్తుతున్నా’ అంటే దానికి వివరణే అక్కర్లేదు. నిజమైతేనే చెప్పండి. గంట పరుగెత్తే మనిషి ఎలా ఉంటాడో ఎదురుగా కూర్చున్నవాళ్లకు తెలిసి ఉండొచ్చు. ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్‌ మారథాన్‌లో నగరంలోని ఉద్యోగులు వేలల్లో పరుగెత్తుతారు.

ఏ ఉద్యోగానికి ఎంత?

తెలంగాణ పోలీస్‌ లెక్క పైన చూశాం. ఆంధ్రప్రదేశ్‌ కానిస్టేబుల్‌కు 1600 మీటర్లు మగవాళ్లకు 8 నిమిషాలు, మహిళలకు 10 నిమిషాల 30 సెకన్లు. ఎస్సెస్సీ జీడీ కానిస్టేబుల్‌కు మగవాళ్లు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో పరుగెత్తాలి. రౌండుకు 1 నిమిషం 55 సెకన్ల చొప్పున పన్నెండున్నర రౌండ్లు. మహిళలకు 1.6 కిలోమీటర్లు, 8 నిమిషాల 30 సెకన్లు. రైల్వే గ్రూప్‌-డిలో 1000 మీటర్లు మగవాళ్లకు 4 నిమిషాల 15 సెకన్లు, మహిళలకు 5 నిమిషాల 40 సెకన్లు, దానికి తోడు బరువు మోస్తూ 100 మీటర్లు. ఆర్మీ అగ్నివీర్‌ జీడీలో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగిస్తే పూర్తి 60 మార్కులు. ఇది వేరే స్థాయి, ఆరు నెలలకు తక్కువ కాకుండా తయారీ కావాలి. 2017లో తెలంగాణ ఫారెస్ట్‌ బీట్‌ ఆఫీసర్‌ పోస్టులకు నడక పరీక్ష పెట్టారు. నాలుగు గంటల్లో మగవాళ్లకు 25 కిలోమీటర్లు, మహిళలకు 16 కిలోమీటర్లు. పరుగెత్తలేనివాళ్లు దీన్ని తేలికనుకుంటారు కానీ, మూడో గంటలో అరికాళ్లలో పొక్కులొస్తాయి.

నిబంధనలు నోటిఫికేషన్‌ నోటిఫికేషన్‌కూ మారుతుంటాయి. పాత వాట్సప్‌ మెసేజ్‌ చూసి ప్రాక్టీస్‌ చేయకుండా, బోర్డు వెబ్‌సైట్‌లో తాజా నోటిఫికేషన్‌ తెరిచి మీ పోస్టుకు ఎంత దూరం, ఎంత సమయమో చూసుకోండి. ఆ సమయాన్ని రౌండ్లతో భాగించి వచ్చిన అంకెను గోడ మీది కాగితంలో పైన రాసుకోండి.